‘నెట్ల ఏ కారుకు చూసినవ్?’

పాత స్పోర్ట్స్ కారులో ఏ ఆయిల్ ఎంత పోయాలి? వినడానికి చిన్న ప్రశ్నే. దానికి సరైన జవాబు వెతికే క్రమంలో నేర్చుకున్నదే నాకు తొలి ఉద్యోగం తెచ్చిపెట్టింది.

బీటెక్ మెకానికల్ అయిపోగానే నా క్లాస్‌మేట్లలో చాలామంది అమీర్‌పేటలో జావా, టెస్టింగ్ కోచింగ్‌లకు చేరిపోయారు. నేను మూసాపేట వైపు ఒక మల్టీబ్రాండ్ గ్యారేజీలో చేరాను. జీతం తొమ్మిది వేలు. ఇంట్లో ‘ట్రైనీ ఇంజినీర్’ అని చెప్పుకున్నా. నిజానికి జాబ్ కార్డులు రాయడం, స్పేర్‌పార్టులు తెప్పించడం, ఖాళీగా కనబడితే పానాలు అందించడం... ఇదీ నా డ్యూటీ.

మూడో వారంలో ఒక 2005 మోడల్ స్కోడా ఆక్టేవియా ఆర్ఎస్ వచ్చింది. కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు దీని గురించి చెప్పక్కర్లేదు. లేనివాళ్ల కోసం రెండు ముక్కలు: 1.8 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, నాలుగు సిలిండర్లు, ఒక్కోదానికి ఐదు చొప్పున మొత్తం 20 వాల్వులు, మన దేశంలో అమ్మిన కారుకు 150 హార్స్‌పవర్. చూడ్డానికి మామూలు ఫ్యామిలీ కారు. తొక్కితే తెలిసేది దాని సంగతి. తెచ్చిన పెద్దాయన రిటైర్డ్ బ్యాంకు ఆఫీసర్. కారు అమెరికాలో ఉన్న కొడుకుది. “వాడు సంక్రాంతికి వస్తున్నాడు బాబూ, ఆ లోపు కండిషన్‌లో ఉండాలి” అన్నారు.

జాబ్ కార్డులో ‘ఆయిల్ సర్వీస్’ అని రాశా. ఎంత పోయాలో మాత్రం తెలియదు. మా ఉస్తాద్ బయటికెళ్లారు. ఫోన్ తీసి ‘1.8 టర్బో ఆయిల్ కెపాసిటీ’ అని కొట్టా. 3.7 లీటర్లు అని వచ్చింది. ఎందుకైనా మంచిదని ఇంకోచోట చూశా. అక్కడా 3.7. రెండు చోట్లా ఒకటే ఉంటే ఇంకేం కావాలి! కొత్త ఫిల్టర్ బిగించి, కొలజాడీతో కొలిచి మరీ పోశాను. ఇంజిన్ రెండు నిమిషాలు నడిపి ఆపాను. కొలిచి పోసినందుకు కాస్త గర్వంగా కూడా ఉంది.

ఉస్తాద్ వచ్చారు. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీశారు. ఆయిల్ కింది గీతకు అంటీ అంటనట్టు ఉంది.

“ఎంత పోశినవ్?”

“మూడు పాయింట్ ఏడు ఉస్తాద్. నెట్‌లో చూశా.”

“నెట్ల ఏ కారుకు చూసినవ్?”

నా నోట్లో వెలక్కాయ పడింది. ఏ కారుకో నేను చూడనే లేదు. ఇంజిన్ పేరు కొట్టా, అంకె తీసుకున్నా. ఆ కారుకు ఫిల్టర్‌తో కలిపి పట్టేది 4.5 లీటర్లు. అంటే 800 మిల్లీలీటర్లు తక్కువ. అలాగే పంపించేసి ఉంటే ఆ రోజు ఏమీ అయ్యేది కాదు, అదే అసలు ప్రమాదం. పాత టర్బో ఇంజిన్లు కొద్దికొద్దిగా ఆయిల్ తాగుతూనే ఉంటాయి. లెవెల్ అడుగునే మొదలైన కారు రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, సంక్రాంతి సెలవుల్లో ఆ అబ్బాయి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి గట్టిగా తొక్కితే? మలుపులో ఆయిల్ ఒక పక్కకు ఒరిగి, పంపుకు గాలి అందితే? నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగల టర్బో షాఫ్ట్ నిలబడేది సన్నని ఆయిల్ పొర మీదే. అది తెగితే బిల్లు నా జీతంతో తీరేది కాదు.

అంకె నిజమే, కారు వేరు

ఇక్కడ విచిత్రం ఏంటంటే, నెట్ నాకు అబద్ధం చెప్పలేదు. 3.7 అనేది నిజమైన అంకే, కాకపోతే ఫోక్స్‌వ్యాగన్ పసాట్‌ది. ఇదే కుటుంబానికి చెందిన 1.8 టర్బో ఇంజిన్‌ను ఆ గ్రూపు చాలా కార్లలో వాడింది. ఆ తరం పసాట్, ఆడి ఏ4లలో ఇంజిన్‌ను నిలువుగా, అంటే కారు పొడవు దిశలో కూర్చోబెట్టారు. గోల్ఫ్, ఆక్టేవియాలలో అడ్డంగా పెట్టారు. నిలువుగా పెట్టినప్పుడు కింద ఉండే చోటు వేరు, కాబట్టి మన మెకానిక్‌లు చాంబర్ అని పిలిచే ఆయిల్ సంప్ ఆకారం వేరు. ఆకారం మారితే పట్టే ఆయిల్ మారుతుంది. ఇంజిన్ బొమ్మ చూస్తే అన్నదమ్ములే, తినే తిండి మాత్రం వేరు.

ఆ 3.7 వెనుక ఇంకో కథ ఉంది. టర్బో వేడి, తక్కువ ఆయిల్, చిన్న ఫిల్టర్, దూరం దూరంగా ఆయిల్ మార్పులు... ఇవన్నీ కలిసి అమెరికాలో చాలా పసాట్‌లు, ఏ4లలో ఆయిల్ గడ్డకట్టి తారులా తయారైంది. ఆ జిగురు ఆయిల్ పంపు జాలీని మూసేసేది. 1998–2004 పసాట్, 1997–2004 ఏ4 ఓనర్లు కోర్టుకు వెళ్లారు, చివరికి కంపెనీ సెటిల్‌మెంట్ చేసుకుంది. పెద్ద ఫిల్టర్, సింథటిక్ ఆయిల్ వాడాలన్న సిఫార్సు కూడా వచ్చింది. ఫిల్టర్ పెద్దదైతే పట్టే ఆయిలూ పెరుగుతుంది కదా! అందుకే ఒకే పసాట్‌కు వేర్వేరు చోట్ల వేర్వేరు అంకెలు కనబడతాయి. అందరూ ఎవరికి వాళ్లు నిజమే చెబుతుంటారు. ఏ ఫిల్టర్‌తో, ఏ సంవత్సరంలో అన్నది మాత్రం చెప్పరు.

ఎక్కువ పోస్తే ఏం పోయింది, మంచిదే కదా అనుకునేవాళ్లూ ఉంటారు. పసాట్‌లో 4.5 పోశారనుకోండి, క్రాంక్‌షాఫ్ట్ వెళ్లి ఆయిల్‌లో తగిలి కవ్వంతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. నురగను పంపు సరిగ్గా తోడలేదు. నురగకు బేరింగ్‌ను కాపాడే శక్తీ ఉండదు.

మూడక్షరాల కోడ్

ఆ సాయంత్రం ఉస్తాద్ నన్ను డిక్కీ దగ్గరికి తీసుకెళ్లి స్టెప్నీ పైకెత్తమన్నారు. దాని కింద ఒక తెల్ల స్టిక్కర్. అందులో ఛాసిస్ నంబర్, మూడక్షరాల ఇంజిన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్, ఆ కారు ఏయే ఆప్షన్లతో తయారైందో చెప్పే సంకేతాలు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. స్టిక్కర్ నా చేతికి అడుగు దూరంలో ఉంటే నేను ప్రపంచమంతా వెతికా.

ఛాసిస్ నంబర్‌లో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఇంగ్లిష్ ఐ, ఓ, క్యూ వాడరు. ఒకటి, సున్నాలతో పొరపాటు పడకుండా ఉండేందుకు. మొదటి మూడు తయారీదారును చెబుతాయి. స్కోడాకు టీఎంబీ. ఈ గ్రూపు కార్లలో పదో స్థానం మోడల్ సంవత్సరం. అయితే ఛాసిస్ నంబర్ చెప్పేది ఫ్యాక్టరీ గేటు దాటిన రోజు సంగతి. పాత పర్ఫార్మెన్స్ కార్ల తంటా ఇక్కడే. ఇవి కుదురుగా ఉండవు. ఒక ఓనర్ ఇంజినే మార్చేసి ఉంటాడు, ఇంకొకరు ఆయిల్ కూలర్ అదనంగా పెట్టించి ఉంటారు. యూరప్‌లో అమ్మిన ఆక్టేవియా ఆర్ఎస్ 180 హార్స్‌పవర్‌ది. ఆ ఇంజిన్ కోడ్ వేరు. కాబట్టి స్టిక్కర్‌లో ఉన్న కోడ్, ఇంజిన్ మీద ఉన్న కోడ్ ఒకటేనా అని కూడా చూడాలి. ఆర్సీలో ఏముందన్నది పోలీసులకు సరిపోతుంది, ఆయిల్‌కు సరిపోదు.

కోడ్ దొరికాక పుస్తకాల వేట. ముందు ఓనర్స్ మాన్యువల్. పెద్దాయన గ్లోవ్‌బాక్స్‌లో అది ప్లాస్టిక్ కవర్‌లో చెక్కుచెదరకుండా ఉంది. ఇరవై ఏళ్ల కార్లలో ఇది అరుదు. లేకపోతే స్కోడా తన వెబ్‌సైట్‌లో పాత మోడళ్ల మాన్యువళ్లు ఉచితంగానే ఇస్తుంది. దాని పైస్థాయి ఫ్యాక్టరీ వర్క్‌షాప్ మాన్యువల్. ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ ‘ఎర్విన్’ పేరుతో ఒక పోర్టల్ నడుపుతుంది, సమయం లెక్కన డబ్బు కట్టి ఎవరైనా చూడొచ్చు. డౌన్‌లోడ్ చేసుకునే ముందు ఏం కావాలో కాగితం మీద రాసుకుని కూర్చుంటే ఖర్చు కలిసొస్తుంది. బ్రిటన్‌కు చెందిన హేన్స్ మాన్యువళ్లు కూడా మంచివే. కారును పూర్తిగా విప్పి, మళ్లీ బిగించి రాసే సంప్రదాయం వాళ్లది. కాకపోతే అవి ఎక్కువగా బ్రిటన్‌లో అమ్మిన వేరియంట్లను చూసి రాసినవి. ఆయిల్ కంపెనీల వెబ్‌సైట్లలో కారు పేరు కొడితే వచ్చే జవాబును నేను ఆధారంగా కాదు, అనుమానం తీర్చుకోవడానికి చూస్తా. మిగతా నెట్ అంతా ఆ తర్వాతే.

అంకెతో పాటు గ్రేడ్ కూడా చూడాలి. ఈ టర్బో పెట్రోల్ ఇంజిన్‌కు డబ్బా మీద 5డబ్ల్యూ-40 అని ఉంటే చాలదు, వీడబ్ల్యూ 502 00 అన్న అప్రూవల్ ఉండాలి. మొదటిది ఆయిల్ ఎంత చిక్కగా ఉందో చెబుతుంది. రెండోది ఆ వేడిని తట్టుకుంటుందో లేదో చెబుతుంది.

ఏ కెపాసిటీ?

ఇంజిన్ ఆయిల్ సులువైనది. డిప్‌స్టిక్ ఉంది కాబట్టి తప్పు బయటపడింది. మిగతా ద్రవాలకు అలాంటి సాక్షి ఎప్పుడూ ఉండదు.

మన పెనుకొండ దగ్గర కియా ప్లాంట్‌లో గానీ, ఇంకే కార్ల ఫ్యాక్టరీలో గానీ కొత్త కారులో ద్రవాలు నింపేటప్పుడు లోపల అంతా పొడిగా ఉంటుంది. బ్రేకులు, కూలెంట్, ఏసీ లైన్లలో ముందు గాలి లాగేసి ఆ తర్వాత నింపుతారు. చివరి మూల దాకా వెళుతుంది. పదిహేనేళ్ల తర్వాత గ్యారేజీలో మనం డ్రెయిన్ నట్టు విప్పితే మొత్తం బయటికి రాదు. కూలెంట్ కొంత ఇంజిన్ బ్లాక్‌లో, హీటర్‌లో ఉండిపోతుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అయితే టార్క్ కన్వర్టర్ చాలా ఆయిల్‌ను దాచేసుకుంటుంది. అందుకే పుస్తకంలో ‘మొత్తం కెపాసిటీ’, ‘మార్చేటప్పుడు పోసేది’ అని రెండు అంకెలు ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి చూశారో, నేల మీద ఆయిల్ మడుగు ఖాయం.

కూలెంట్‌లో ఇంకో మెలిక ఉంది. ఒక లెక్క చేద్దాం. సిస్టమ్ 6 లీటర్లు పడుతుందనుకోండి. నీళ్లతో కడిగి డ్రెయిన్ చేస్తే 4 లీటర్లే బయటికొచ్చాయి. 2 లీటర్ల ఉత్త నీళ్లు లోపలే ఉన్నాయి. ఇప్పుడు సగం కూలెంట్, సగం నీళ్లు కలిపిన 4 లీటర్లు పోస్తే ట్యాంక్ నిండుతుంది, మనసూ నిండుతుంది. కానీ లోపలున్న 6 లీటర్లలో అసలు కూలెంట్ 2 లీటర్లే. అంటే 33 శాతం. సగం సగం కావాలంటే 3 లీటర్ల చిక్కటి కూలెంట్, 1 లీటరు డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మన హైదరాబాద్‌లో గడ్డకట్టే చలి లేదు కదా అంటారేమో. కూలెంట్ పని అదొక్కటే కాదు. నీళ్లు మరిగే ఉష్ణోగ్రతను పెంచాలి, లోపల తుప్పు పట్టకుండా చూడాలి. మే నెల ట్రాఫిక్‌లో ఆ తేడా తెలుస్తుంది. పాత నీలం రంగు జీ11లో ఎరుపు జీ12 కలిపితే గోధుమ రంగు బురదలా తయారవుతుందన్నది ఈ గ్రూపు కార్లు చూసే ప్రతి మెకానిక్‌కూ తెలిసిన పాఠం. రంగు చూసి కాదు, డబ్బా మీద పేరు చూసి పోయాలి.

మాన్యువల్ గేర్‌బాక్స్‌కు ఉస్తాద్ చెప్పిన చిట్కా ఏ టెక్స్ట్‌బుక్‌లోనూ నేను చదవలేదు. కింద డ్రెయిన్ నట్టు విప్పేముందు, పైన ఆయిల్ పోసే నట్టు వదులవుతుందో లేదో చూసుకోవాలి. తుప్పు పట్టి అది రాకపోతే? పాత ఆయిల్ కింద ట్రేలో, కొత్త ఆయిల్ చేతిలో, కారు లిఫ్ట్ మీద. ఇంకో సంగతి, బయటికొచ్చిన పాత ఆయిల్‌ను కొలవాలి. ఎంత వచ్చిందో తెలిస్తే లీకేజీ ఉందా, ఇంతకుముందు పోసినవాడు తప్పు చేశాడా అర్థమవుతుంది. అయితే పాతది ఎంత వచ్చిందో అంతే కొత్తది పోస్తే వాడి తప్పును మనం కొనసాగించినట్టే.

ఏసీ గ్యాస్‌కు లీటర్ల లెక్కే లేదు, గ్రాముల్లో తూకం. ఎన్ని గ్రాములో చాలా కార్లలో బానెట్ కింద స్టిక్కర్ మీదే ఉంటుంది. చేత్తో పైపు పట్టుకుని ‘చల్లగుంది, చాలు’ అనే పద్ధతి దగ్గర ఆగిపోవద్దు. బ్రేక్ ఆయిల్‌కైతే కొలత కంటే తాజాదనం ముఖ్యం. అది గాలిలో తేమను పీల్చేస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ పరిమితి 155 డిగ్రీలే. సగం వాడి మూత పెట్టిన డబ్బా ఎంత పెద్ద బ్రాండ్‌దైనా పక్కన పెట్టేయాలి.

ఇంపోర్టెడ్ కార్ల పుస్తకాల్లో యూనిట్లు ఇంకో తలనొప్పి. అమెరికా క్వార్ట్ 946 మిల్లీలీటర్లు, బ్రిటిష్ క్వార్ట్ 1,137. గ్యాలన్ అమెరికాలో 3.785 లీటర్లు, బ్రిటన్‌లో 4.546. పేరు ఒకటే, కొలత ఒకటి కాదు. ఇలాంటి గందరగోళానికి పెద్ద ఉదాహరణ విమానానిది. 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనం లెక్కించేటప్పుడు లీటరుకు కిలోల గుణకం వాడాల్సిన చోట పౌండ్ల గుణకం వాడారు. 41 వేల అడుగుల ఎత్తులో ఇంధనం అయిపోయింది. పైలట్లు ఇంజిన్లు ఆగిన విమానాన్ని గ్లైడర్‌లా నడిపి గిమ్లి అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరంలో దించారు. ఆ రన్‌వే అప్పటికే కార్ల రేసులకు వాడుతున్నారు, ఆ రోజూ అక్కడ జనం ఉన్నారు. విమానంలో ఉన్న 69 మందిలో ఎవరి ప్రాణమూ పోలేదు. అక్కడ లెక్క వేసినవాళ్లు చదువురానివాళ్లు కాదు. ఈ విషయం నాకు ఎప్పుడూ గుర్తొస్తుంటుంది.

ఆ ఎక్సెల్ షీటే రెజ్యూమె

పెద్దాయన కారుకు మిగతా 800 మిల్లీలీటర్లు ఒకేసారి పోయలేదు. అరలీటరు పోసి, ఇంజిన్ నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగి, డిప్‌స్టిక్ చూసి మిగతాది పోశాం. “పుస్తకం చూసి కొనాలె, డిప్‌స్టిక్ చూసి పోయాలె” అన్నారు ఉస్తాద్. కారు సంక్రాంతికి ముందే ఇంటికెళ్లింది.

ఆ వారం రాత్రుళ్లు కూర్చుని ఆ కారుకు ఒక ఎక్సెల్ షీట్ తయారు చేశా. వరుసల్లో ద్రవాలు. నిలువు గడుల్లో అంకె, యూనిట్, గ్రేడ్, ఏ ఇంజిన్ కోడ్‌కు, ఫిల్టర్‌తోనా లేకుండానా, మొత్తమా మార్పుకా, ఏ పుస్తకం, ఏ ఎడిషన్, ఏ పేజీ, చివరగా ‘గ్యారేజీలో కొలిచింది’. రెండు పుస్తకాలు రెండు రకాలుగా చెబితే రెండూ రాశా, ఏది ఎందుకు తీసుకున్నానో పక్కన ఒక లైను రాశా. తర్వాత వచ్చిన పాత కార్లన్నిటికీ ఇదే పద్ధతి. ఎనిమిది నెలల్లో పద్నాలుగు కార్లయ్యాయి.

ఆ తర్వాత ఒక టెక్నికల్ డాక్యుమెంటేషన్ కంపెనీ ఇంటర్వ్యూకు వెళ్లా. మూడో ప్రశ్న: “ఒకే పార్ట్‌కు మూడు డాక్యుమెంట్లు మూడు విలువలు చెబితే ఏం చేస్తారు?” పక్క కుర్చీల్లో ఉన్నవాళ్లు ‘సీనియర్‌ను అడుగుతాం’, ‘కొత్త డాక్యుమెంట్‌ను తీసుకుంటాం’ అన్నారు. రెండూ తప్పు కాదు. నేను ఫోన్‌లో షీట్ తెరిచి చూపించి, 3.7 కథ చెప్పా. ముందు నా తప్పుతోనే మొదలుపెట్టా. ప్యానెల్‌లో ఒకాయన షీట్‌ను జూమ్ చేసి, కూలెంట్ గడిలో పేజీ నంబర్ ఎందుకు లేదని అడిగారు. నిజంగానే మర్చిపోయా. ఒప్పుకున్నా. ఉద్యోగం వచ్చింది.

మెకానికల్, ఆటోమొబైల్, మెకట్రానిక్స్ చదివినవాళ్లకు ఈ దారి ఒకటి ఉందని క్యాంపస్‌లో పెద్దగా చెప్పరు. టెక్నికల్ ఆథర్, సర్వీస్ ఇన్ఫర్మేషన్ ఇంజినీర్, పార్ట్స్ కేటలాగ్ ఇంజినీర్ అన్న పేర్లతో వెతకండి. హైదరాబాద్‌లోనే సైయెంట్ లాంటి ఇంజినీరింగ్ సర్వీసుల సంస్థలు టెక్నికల్ పబ్లికేషన్స్ పని చేస్తాయి, హ్యుందాయ్, జెడ్‌ఎఫ్ లాంటి వాహన సంస్థలకూ ఇక్కడ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. ఏరోస్పేస్, రక్షణ రంగాల మాన్యువళ్లకు వాడే ఎస్1000డి ప్రమాణం, తక్కువ పదాలతో స్పష్టంగా రాయడానికి పెట్టుకున్న సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ నియమాలు... ఈ రెండింటి గురించి కాస్త చదువుకుని వెళితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది. జీతం మొదట్లో సాఫ్ట్‌వేర్ స్నేహితుల కంటే తక్కువే, ఆ సంగతి దాచను.

ఆక్టేవియా ఆర్ఎస్ అందరికీ దొరకదు. మీ ఇంట్లోనో, బాబాయి వాళ్లింట్లోనో పాత యమహా ఆర్ఎక్స్ 100 ఉండొచ్చు. దానితో మొదలుపెట్టండి. ‘ఇంజిన్ ఆయిల్ ఎంత?’ అని వెతికితే రకరకాల జవాబులొస్తాయి, ఎందుకంటే ప్రశ్నే సరిగ్గా లేదు. అది టూ స్ట్రోక్ బండి. పెట్రోల్‌తో కలిసి కాలిపోయే 2టి ఆయిల్‌కు పక్కన వేరే ట్యాంక్, గేర్‌బాక్స్‌కు అడుగున వేరే ఆయిల్. ఈ రెండింటిలో ఎవరు దేని గురించి చెబుతున్నారో విడదీయండి. ముందు ఫోర్క్ ఆయిల్ ఉంది, అది ఒక్కో కాలుకు విడివిడిగా ఇచ్చారా, రెండింటికీ కలిపా చూడండి. ఊళ్లో మెకానిక్ మావయ్య ఎంత పోస్తాడో అడిగి అదీ ఒక గడిలో రాయండి, పుస్తకంలో ఉన్నదానితో కలవకపోతే ఎందుకని మర్యాదగా అడగండి. నాకు మొదటి షీట్‌కు నాలుగు రాత్రులు పట్టింది. బండికి మీకు రెండు చాలు. పేజీ నంబర్ గడి మాత్రం ఖాళీగా వదలకండి.